ఎదురింటి కానుగ చెట్టు, గోడ మీది ఏసీలు

2001 ఎండాకాలం. సికింద్రాబాద్‌లో నేను ఏసీల పనిలో పడి అప్పటికి చాలా ఏళ్లయింది. మాది పార్వతీపురం వైపు. రిఫ్రిజిరేషన్‌లో డిప్లొమా చేసి, లాలాగూడలో పెదనాన్నగారింట్లో దిగి, కొన్నాళ్లు ఒక కంపెనీలో పనిచేసి, ఆ తర్వాత సొంతంగా చిన్న సర్వీస్ షాపు పెట్టుకున్నాను. మొదట్లో నా పనంతా సినిమా హాళ్లు, నగల కొట్లు, పెద్ద డాక్టర్ల గదుల్లోనే. కంప్యూటర్లు వచ్చాక పరిస్థితి మారిపోయింది. నెట్ సెంటర్లు, కోచింగ్ సెంటర్లు, అపార్ట్‌మెంటు ఫ్లాట్‌లో పెట్టిన సాఫ్ట్‌వేర్ కంపెనీలు. కంప్యూటర్ ఎక్కడుంటే అక్కడ ఏసీ ఉండాల్సిందే. ఊరు పెరిగింది, దానితో పాటు నా షాపూ పెరిగింది. మా పిల్లలు మంచి స్కూల్లో చదివారంటే ఆ రోజుల చలవే.

ఈ సంగతి అర్థం కావాలంటే ఏసీ ఏం చేస్తుందో రెండు మాటల్లో చెప్పాలి. చాలామంది అది చల్లదనాన్ని తయారు చేస్తుందనుకుంటారు. అలా కాదు. గదిలో ఉన్న వేడిని గ్యాస్‌తో లాగి బయట పారేస్తుంది. లోపల గోడకుండేది ఇండోర్ యూనిట్, వేడిని పీల్చేది అదే. బయట ఫ్యాన్ తిరుగుతూ కనిపించే డబ్బా అవుట్‌డోర్ యూనిట్. కంప్రెసర్ అందులోనే ఉంటుంది, లోపలి వేడి అంతా అందులోంచే బయటికి పోతుంది. దాని ముందు నిలబడితే తెలుస్తుంది, లోపలివాళ్లు ఎంత సుఖంగా ఉన్నారో.

ఆ మే నెలలో సీతాఫల్‌మండి నుంచి మోహన్ అనే అతను ఫోన్ చేశాడు. ముప్పై ఏళ్లవాడు, ఆ గల్లీల్లోనే పుట్టి పెరిగినవాడు. మేనమామ ఇల్లు అద్దెకు తీసుకుని మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ సెంటర్ పెట్టాడు. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి రిపోర్టును నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ గొంతు ఇంటర్నెట్‌లో ఇక్కడికి వస్తుంది. ఇక్కడి పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, టైపు చేసి, గడువులోగా తిరిగి పంపాలి. గడువు దాటితే ఆ పని ఇంకొకరికి వెళ్లిపోతుంది. చుట్టుపక్కల బస్తీల పిల్లలకు, ముఖ్యంగా డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలకు, మోహన్ ఆఫీసు పెద్ద ఆసరా.

"అప్పారావు గారూ, మధ్యాహ్నం అయితే చాలు, ఏసీలు ఒక్కొక్కటే బంద్ అయితున్నయ్. సర్వర్ రూం మొత్తం వేడెక్కుతుంది. జెర అర్జెంటుగ రండి," అన్నాడు.

ఆ ఏసీలు పెట్టింది వేరేవాళ్లు. సర్వీసు పని మాత్రం ఆ ఏడాదే నాకు వచ్చింది. వెళ్లి చూస్తే, ఆఫీసు ప్రక్క గోడకి, మనిషి ఎత్తులో, అవుట్‌డోర్ యూనిట్లు వరసగా బిగించి ఉన్నాయి. గోడ ముందు ఆటో కష్టం మీద దూరే గల్లీ. గల్లీకి అవతల ఒక పాత పెంకుటిల్లు. దాని ప్రహరీ లోపల ఒక మూలన కానుగ చెట్టు, కొమ్మలు గల్లీ మీదికి వాలి ఉన్నాయి.

యూనిట్ల మూతలు విప్పి చూశాను. గ్యాస్ సరిగానే ఉంది. వేడిని వదిలే రేకుల మధ్య కానుగ ఆకులు, దుమ్ము ఇరుక్కున్నాయి కానీ అంత పెద్ద సమస్యేమీ కాదు. బ్రష్‌తో దులుపుతూ ఉంటే ఎదురింటి వరండాలోంచి ఒకావిడ పిలిచింది.

"సారూ, గా డబ్బాలు తీసేస్తున్నరా?"

"లేదమ్మా, బాగుచెయ్యడానికొచ్చాను."

"గంతేనా," అని, "లోపటికొచ్చి నీళ్లు తాగుండ్రి. ఎండల నిలబడ్డరు," అంది.

ఆవిడ పేరు లక్ష్మమ్మ. గేటు తీసుకుని వరండాలోకి అడుగుపెట్టగానే, పేలాలు వేయించే మంగలం ముందు నిలబడ్డట్టయింది. బయట ఎండలో ఉన్నప్పుడే నయం. యూనిట్లన్నీ ఊదుతున్న గాలి నేరుగా ఆ వరండా మీదికే వస్తోంది. డబ్బాల్లో వేసిన మల్లె మొక్కలు పుల్లలయ్యాయి. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టారు, అదీ సగం ఎండిపోయింది. కానుగ చెట్టు వింతగా కనిపించింది. ఇంటివైపు కొమ్మలకు ఏప్రిల్‌లో వచ్చిన లేత ఆకు నిగనిగలాడుతోంది. గల్లీవైపు కొమ్మలు మాత్రం కాల్చిన కాగితంలా ఉన్నాయి.

చెట్టుకు అవతల, మిగిలిన నీడలో, మంచం వేసుకుని యాదగిరి గారు కూర్చున్నారు. లక్ష్మమ్మ భర్త. రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యారు.

"భట్టీ కాడ పన్జేసినోన్ని సార్, నాకిది కొత్త గాదు. ఆమెకే తక్లీఫ్. బీపీ ఉంది. మొన్న అన్నం వండుకుంటనే కూలవడ్డది," అన్నారు.

"మరి ఆఫీసువాళ్లకు చెప్పలేదా?"

ఆయన భార్య ముఖం చూశారు. ఆవిడే చెప్పింది. "మా బిడ్డ ఆడ్నే పన్జేస్తది సారు. స్వరూప. ఆమె జీతం మీదనే చిన్నోడు చదువుకుంటున్నడు. పోయి ఏమని లొల్లి వెట్టుకుంటం?"

ఆఫీసు లోపలికి వెళ్తే అది వేరే లోకం. వరసలుగా కంప్యూటర్లు, వాటి ముందు తలలు వంచుకుని పిల్లలు. మిషన్ల కోసం చలి బాగా పెంచి ఉంచారు. ఆడపిల్లలు చున్నీలు చెవుల చుట్టూ కప్పుకున్నారు. ఒకమ్మాయి ఎర్ర స్వెటర్ వేసుకుంది. ఆమే స్వరూప అని తర్వాత తెలిసింది.

"మే నెలలో స్వెటరా అమ్మా?" అన్నాను.

ఆమె నవ్వింది. "ఈడ స్వెటర్ ఏసుకుంట సార్. ఇంటికి పోయి అమ్మకు తడి టవల్ కప్పుత."

మోహన్ నన్ను తన గదిలోకి తీసుకెళ్లాడు. సమస్య ఏమిటో అతను ముందే తేల్చుకున్నాడు. "ఆ చెట్టే అప్పారావు గారూ. ఆకులన్నీ యూనిట్ల వడ్తున్నయ్. కొమ్మలు అడ్డమొచ్చి గాలి ఆడ్తలేదు. ఇంకా కొన్ని ఏసీలు పెట్టేదుంది, కొత్త బ్యాచ్‌ని తీసుకుంటున్న. చెట్టు కొట్టెయ్యాలని ఎదురింటి యాదగిరి మామకు చెప్పమని స్వరూపతోని అన్న. మీరు టెక్నికల్‌గ ఒక లెటర్ రాసిస్తే అయిపోతది, చెట్టు వల్లనే ట్రిప్ అయితున్నయని."

ట్రిప్ అంటే, కంప్రెసర్ మరీ వేడెక్కినప్పుడు కాలిపోకుండా తనంతట తానే ఆగిపోవడం. అతను చెప్పింది మరీ కొట్టిపారేసే మాట కాదు. ఆకులు పడడం నిజమే. అయినా చూడకుండా రాసివ్వడం నా అలవాటు కాదు. రేపు మధ్యాహ్నం మళ్లీ వస్తానన్నాను.

మర్నాడు ఎండ బాగా ముదిరాక థర్మామీటర్ పట్టుకుని వెళ్లాను. ఒక్కో యూనిట్ వెనక, అది గాలి పీల్చుకునే చోట, కాసేపు ఉంచి చూశాను. ఏవి ఆగిపోతున్నాయో, ఏవి నడుస్తున్నాయో గమనించాను. చిత్రం ఏమిటంటే, చెట్టు కింద ఉన్నవి ఆగడం లేదు. చెట్టుకు దూరంగా, ఆ చివరనున్నవే ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతున్నాయి. ఆ గోడ పడమటి వైపు చూస్తుంది. మధ్యాహ్నం నుంచి ఎండంతా దాని మీదే. చెట్టు నీడ పడినంత మేర గోడ చేత్తో తాకగలిగేలా ఉంది. నీడ లేని చోట చెయ్యి పెట్టలేకపోయాను. పీల్చుకునే గాలిలోనే ఐదారు డిగ్రీల తేడా ఉంది.

అసలు కారణం వేరే ఉంది. గల్లీ ఇరుకు. యూనిట్లు ఊదిన వేడిగాలి ఎదురింటి గోడకు కొట్టుకుని వెనక్కి వస్తోంది. దాన్నే మళ్లీ పీల్చుకుంటున్నాయి. పీల్చుకున్న కొద్దీ ఇంకా వేడిగా ఊదుతున్నాయి. కానుగ చెట్టు ఒక్కటే ఆ మంటలో కాస్త చల్లటి జాగాను నిలబెట్టింది, అదీ తన కొమ్మలు కాల్చుకుంటూ. దాన్ని కొడితే మిగిలిన ఏసీలూ ఆగిపోతాయి.

ఇది చెబుదామని ఆఫీసులోకి వెళ్లేసరికి మోహన్ బయల్దేరి ఉన్నాడు. "రండి, యాదగిరి మామ ఇంటికే పోతున్న. మీరుంటే మంచిగుంటది," అన్నాడు. చెప్పే అవకాశం ఇవ్వకుండానే గల్లీ దాటాడు. నేను వెనకే వెళ్లాను.

లక్ష్మమ్మ మమ్మల్ని లోపలి గదిలో కూర్చోబెట్టింది. చిన్న గది, ఒక మంచం, రెండు కుర్చీలు, పైన ఫ్యాను. ఫ్యాను తిరుగుతోంది కానీ వేడిని కలియబెట్టడం తప్ప చేసేదేమీ లేదు. యాదగిరి గారు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్నారు. మోహన్ జేబురుమాలుతో మెడ తుడుచుకుని, మర్యాదగానే అన్నాడు.

"ఆంటీ, కిటికీ తెరువుండ్రి జెర. గాలొస్తది."

లక్ష్మమ్మ గోనెపట్టా పక్కకు లాగి, రెండు రెక్కలూ తెరిచింది. గల్లీలోంచి వేడి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. కిటికీలోంచి ఎదురుగా అతని ఆఫీసు గోడ, తిరుగుతున్న ఫ్యాన్లు కనిపిస్తున్నాయి. మోహన్ వాటినే చూస్తూ ఉండిపోయాడు. చిన్నప్పుడు ఆ ఇంటి చుట్టే ఆడుకున్నవాడు. ఆఫీసు పెట్టాక ఒక్క మధ్యాహ్నం కూడా ఈ గదిలోకి వచ్చి ఉండడు. కాసేపటికి తనే లేచి కిటికీ మూశాడు.

చెట్టు సంగతి మాట్లాడడానికి వచ్చానని మోహన్ అన్నాడు. లక్ష్మమ్మ గోనెపట్టా మీద చెంబుతో నీళ్లు చల్లి వచ్చి మంచం అంచున కూర్చుంది.

"చెట్టు కొట్టుండ్రి బిడ్డా," అంది మోహన్‌తో. "మీకు అడ్డమైతే కొట్టుకపోండ్రి. మా పోరి నౌకరీకి ఏం గాకుంటే సాలు."

"అమ్మా." గుమ్మంలో స్వరూప నిలబడి ఉంది, చేతిలో స్వెటరు. మోహన్ తమ ఇంటికి పోయాడని ఎవరో చెబితే పరుగున వచ్చినట్టుంది. "నేను చెప్పిన్నా చెట్టు కొట్టమని? సార్ అడుగుమన్నడు, నేను అడగలే. ఆ నీడ సుత లేకుంటే నాయిన ఏడ పండుకుంటడు?"

"నువ్వు ఊకో," అంది తల్లి.

"నౌకరీ పోతే ఇంకోటి చూస్కుంట." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మోహన్ వైపు చూడలేదు. ఇంకోటి దొరకడం అంత తేలిక కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

యాదగిరి గారు నా వైపు తిరిగారు. "బిడ్డ జీతం సుత మాకు నీడనే సార్. చెట్టు సుత నీడనే. రెండిట్ల ఒకటి ఇడిసిపెట్టాల్నంటే ఇడిసిపెడ్తం. గానీ మీరు మిషిన్లు తెలిసినోళ్లు. ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. చెట్టు కొడ్తే మిషిన్లు బాగైతయా?"

మోహన్ నా వైపు చూశాడు. నన్ను పిలిచింది అతను. నా కాంట్రాక్టు అతని చేతిలో ఉంది. అయినా ఆ గదిలో కూర్చుని అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

"బాగవ్వవండీ. ఇంకా పాడవుతాయి," అన్నాను. గోడ సంగతి, నీడ సంగతి, పీల్చిన వేడినే మళ్లీ పీల్చుకోవడం, అన్నీ చెప్పాను. "ఇప్పుడు నడుస్తున్నవి ఆ చెట్టు వల్లే నడుస్తున్నాయి. యూనిట్లను డాబా మీదికి ఎక్కిస్తే ఆఫీసు సమస్యా తీరుతుంది, వీళ్ల సమస్యా తీరుతుంది."

మోహన్‌కి కోపం వచ్చిందనే అనుకున్నాను. బయటికొచ్చాక గల్లీలో ఆగి, "ఆ మాట నాకు ఆఫీసుల చెప్పొచ్చు గద," అన్నాడు.

"చెప్పడానికే వచ్చాను బాబూ. మీరు ఆగలేదు."

"ఇంట్ల అంత వేడి ఉంటదని అనుకోలే," అన్నాడు మెల్లగా. "వాళ్లు ఒక్కసారి సుత చెప్పలే."

"అమ్మాయి మీ దగ్గర పనిచేస్తుంటే ఎలా చెబుతారు?"

అతను యూనిట్లు పైకి ఎక్కించే పని ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడు.

డాబా మీదికి ఎక్కించడం చెప్పినంత సులువు కాదు. లోపలి యూనిట్‌కీ బయటి యూనిట్‌కీ మధ్య గ్యాస్ తీసుకెళ్లే రాగి పైపు పొడవు పెరుగుతుంది. ఎంత పెరిగితే చల్లదనం అంత తగ్గుతుంది. ఇనప స్టాండ్లు కావాలి, పైన రేకు నీడ కావాలి. పైగా ఆఫీసు ఆగకూడదు. అందుకని విడతలుగా చేశాం. మొదటి విడతలో కిటికీకి ఎదురుగా ఉన్నవి తీశాం. మిగిలినవి తర్వాత చేద్దామన్నాడు మోహన్, కొత్త పని ఒకటి చేతికొచ్చిందని. ఆ 'తర్వాత' వానలు పడేదాకా సాగింది. ఆ ఎండాకాలం మిగిలిన రోజులు లక్ష్మమ్మ సగం వేడిలోనే గడిపింది. కిటికీ మాత్రం తెరుచుకుంది.

చివరి యూనిట్ పైకి ఎక్కించిన రోజు మోహన్ డాబా మీదికి వచ్చాడు. చుట్టూ చూశాడు. అప్పటికే దూరంగా రెండు మూడు డాబాల మీద ఇలాంటి డబ్బాలు కనిపిస్తున్నాయి.

"ఇప్పుడు ఎవరికీ తక్లీఫ్ లేదు గద?" అన్నాడు.

"వేడి మాయం కాలేదండీ. పైకొచ్చింది, అంతే. ఇలా నలుగురైదుగురే ఉంటే గాలిలో కలిసిపోతుంది. బస్తీ అంతా పెడితే అప్పుడు మళ్లీ కిందికే వస్తుంది," అన్నాను. అతను తలూపాడు. సెట్టింగును కూడా మరీ అంత చలి అక్కర్లేదని, మిషన్లకు ఎంత చాలో అంతకు మార్చాను. స్వెటర్లు కొన్నాళ్లకు కనపడకుండా పోయాయి.

కానుగ చెట్టు కాలిన కొమ్మలను యాదగిరి గారు కొట్టేయించారు. మరుసటి వసంతంలో చిగుళ్లు వచ్చాయి కానీ గల్లీవైపు పెద్ద కొమ్మ ఒకటి తిరిగి రాలేదు. చెట్టు ఒకవైపు ఒరిగినట్టు, అలాగే నిలబడింది.

రెండేళ్లకు మోహన్ ఆఫీసు మాదాపూర్ వైపు పెద్ద భవనంలోకి వెళ్లింది. స్వరూప రెండు బస్సులు మారి వెళ్లేది, తర్వాత ఆఫీసు వ్యాను పెట్టారు. చిన్న ఉద్యోగం నుంచి టీమ్ లీడర్ అయింది. 2004లో ఆమే నాకు ఫోన్ చేసింది.

"అన్నా, మా ఇంట్ల ఏసీ పెట్టాలె. అమ్మకు ఎండాకాలం అయితలేదు."

వెళ్లేసరికి గల్లీ మారిపోయి ఉంది. పక్కన అపార్ట్‌మెంటు లేచింది. పెంకుటింటి స్థానంలో స్లాబు వేసి రెండు గదులు కట్టుకున్నారు. కానుగను వదిలిపెట్టి కట్టారు. అది చూసి నాకు సంతోషమేసింది. లక్ష్మమ్మ పడుకునే గది వెనకవైపు ఉంది. అవుట్‌డోర్ యూనిట్‌ను బయట ఆ వెనక గోడకే బిగించాలని పెన్సిలుతో గుర్తు పెట్టాను. పైపు తక్కువ పడుతుంది, చల్లదనం బాగుంటుంది. స్వరూపకూ అదే నచ్చింది.

లక్ష్మమ్మ గోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

"అటుదిక్కు ఏమున్నదో చూసినవా సారు?"

చూడలేదని చెప్పాను.

"బాలమణి ఉంటది. కిరాయికి. ఒక్కటే అర్ర, ఒక్కటే కిటికీ. పొయ్యి ఆ కిటికీ కిందనే."

స్వరూప అంది, "అమ్మా, నేను అడిగిన. ఆమె ఏం పర్వాలేదన్నది."

"అంటది," అంది లక్ష్మమ్మ. "నేను సుత అన్న గద అప్పుడు. చెట్టు కొట్టుమని." తర్వాత నా వైపు తిరిగి, "మీద పెట్టుండ్రి సారు," అంది.

"పైపు పొడుగవుతుందమ్మా. ఇంత చల్లగా ఉండదు."

"జెర తక్కువ సల్లగుంటే ఏమైతది? నాకు ఉడకకుంటే సాలు."

డాబా మీదే పెట్టాను. ఆవిడ చెప్పినట్టే, ఉడకకుండా ఉండేంత చల్లగా ఉంది గది. యాదగిరి గారు మాత్రం ఆ గదిలో పడుకోలేదట. మధ్యాహ్నాలు చెట్టు కిందే.

ఇది ఊరంతటి కథ అని నేననను. ఆ తర్వాతి ఏడాదే అదే గల్లీలో ఇంకొకరు ఎదురింటి వంటగది మీదికి యూనిట్ పెట్టించుకున్నారు, వేరే మెకానిక్‌తో. యాప్రాల్ వైపు కొత్తగా లేచిన ఇళ్లలో ప్రతి గదికీ ఒక డబ్బా. అవన్నీ నాలాంటివాళ్లం బిగించినవే, వాటి మీదే మా ఇళ్లు నడిచాయి. ఏసీ వద్దని ఎవరికీ చెప్పలేదు, చెప్పే హక్కూ నాకు లేదు. బీపీ ఉన్న మనిషికి మేలో ఆ గది ఎంత అవసరమో నేను కళ్లారా చూశాను.

కాకపోతే ఆ సంగతి తర్వాత నా పనిలో ఒకటి మారింది. ఏసీ ఎక్కడ పెట్టాలో చూడడానికి వెళ్తే, చల్లబడాల్సిన గదిని కొలిచాక, గోడ అవతల ఎవరుంటారని అడుగుతాను. మనిషి ఉంటే మనిషిని, చెట్టు ఉంటే చెట్టును వెళ్లి చూసొస్తాను. కొందరు విసుక్కుంటారు, మీకెందుకండీ అంటారు. అలాంటి వాళ్లు వేరే షాపుకు వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. కొందరు మాత్రం చెప్పులేసుకుని నాతో పాటు అవతలికి వస్తారు. అలా వచ్చి చూసినవాళ్లలో ఒక్కరు కూడా, పైపు ఎందుకింత పొడుగు పెట్టావని నన్ను తర్వాత అడగలేదు.